జీపుకు నాలుగు కళ్ళు

మా ఆయనకు పొద్దుగూకితే చూపు ఆనదు. ఈ సంగతి నాకు తెలుసు, మా వీధిలో సగం మందికి తెలుసు, ఆయన మాత్రం ఒప్పుకోడు. ఒప్పుకుంటే కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. డాక్టరు స్టీరింగు ముట్టుకోవద్దంటాడేమోనని భయం. అందుకని తన కళ్ళు చూపించుకోవడం మానేసి, జీపుకు కొత్త లైట్లు బిగించే పని పెట్టుకున్నాడు. ఒంట్లో జబ్బు పెట్టుకుని బండికి వైద్యం చేయించే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ జీపు గురించి కాస్త చెప్పాలి. యశ్వంతనగర్ దగ్గర గనుల్లో ఆయన చాలా ఏళ్ళు లోడింగు పని చూశాడు. కొండ మీదికీ కిందికీ కంపెనీ జీపు తోలేవాడు. ఉద్యోగం అయిపోయింది, జీపు మోజు పోలేదు. ఎవరో వాడి వదిలేసిన ఫోర్ బై ఫోర్ జీపు ఒకటి కొనుక్కొచ్చి బళ్ళారి బ్రూస్‌పేటలో మా ఇంటి ముందు నిలబెట్టాడు. మా సందులో ఆటో వస్తేనే మనుషులు గోడకు అతుక్కోవాలి. ఆ సందులో ఈయన జీపు. కూరగాయల బండివాడు మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఏదో గొణుక్కుంటాడు. అదేమిటో నేను ఎప్పుడూ అడగలేదు, వాడి పక్షాన నేనే గట్టిగా అంటుంటాను కాబట్టి.

ఆఫ్‌రోడ్ బండి అంటారు దాన్ని. బళ్ళారి జిల్లాలో ఉండి ఆ మాట ఎలా అంటారో నాకు అర్థం కాదు. ఖనిజం లారీలు తిరిగిన దారుల్లో రోడ్డు ఎక్కడ అయిపోయిందో, రోడ్డు కానిది ఎక్కడ మొదలైందో చెప్పగలిగినవాడికి పూలదండ వెయ్యాలి. పాలవాడి మోపెడ్ కూడా ఇక్కడ ఆఫ్‌రోడ్ బండే. పాపం, దానికి ఎవరూ స్టిక్కరు అంటించలేదు. ఊళ్ళో కొత్త జీపులు కొన్న కుర్రవాళ్ళున్నారు. నెత్తి మీద వరసగా లైట్లు, ముందు ఇనుప గొట్టాలు, వెనక నిచ్చెన. ఆ బళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా జ్యూసు అంగడి ముందు నిలబడి ఉంటాయి. మట్టి మీద చక్రం పెడితే కడిగించాలని వాళ్ళకు బెంగ. మా ఆయన ఆ పిల్లల్ని చూసి నవ్వేవాడు. చివరికి ఆయనా వాళ్ళ అంగడికే పోయి లైట్లు కొన్నాడు.

మాది కోస్తా నుంచి వచ్చి కాలువ నీళ్ళ కింద వరి పెట్టిన కుటుంబం. నేను ఇక్కడే పుట్టాను. మా అమ్మ మా నాన్నను మీరు అనేది, నేను ఈ ఊరి కోడల్నయ్యాక మొగుణ్ణి నువ్వు అనడం నేర్చుకున్నాను. తిట్టడానికి కూడా బళ్ళారి మాటే బాగుంటుంది. కెంచనగుడ్డ దగ్గర మా నాన్న నాకిచ్చిన మడి ఉంది. కౌలుకిచ్చాం గానీ వారం వారం చూసి రావడం అలవాటు. చూసి వెంటనే రావచ్చు కదా? రాడు. కౌలు రైతు ఇంట్లో టీ తాగి, గనుల కథలు మొదటినుంచీ చెప్పి, చీకటి పడుతుంటే అప్పుడు బండెక్కుతాడు.

అట్లా వస్తున్న ఒక సాయంత్రం, కాలువ గట్టు దారిలో ఆయన బండి ఆపి హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. ఆపకుండా కొడుతున్నాడు.

"ఏంది కొడతాండావు?" అన్నాను.

"ఎనుము అడ్డం పండుకోనుండాది. లేస్తాండల్యా."

ఎదురుగా ఉన్నది గడ్డివామి. మడి పక్క వేసింది కాస్త జారి దారిలోకి వచ్చింది. మా ఆయన గడ్డిని లేచి పక్కకు పొమ్మని అడుగుతున్నాడు. నేను నవ్వాను, ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను. ఇల్లు చేరి కాళ్ళు కడుక్కుంటుంటే మాత్రం నవ్వు ఆగిపోయింది. ఆ దారికి ఒక పక్క మడి, ఇంకో పక్క నిండుగా పారే కాలువ. మధ్యలో ఉన్నది ఒక్క బండి పట్టేంత జాగా. గడ్డినీ గేదెనూ పోల్చుకోలేని మనిషి గట్టునూ నీళ్ళనూ ఎట్లా పోల్చుకుంటాడు? నాకు నిజంగా భయమేసింది.

మా అమ్మకు కంటిలో పొర వచ్చినప్పుడు ఇట్లాగే ఉండేది. దీపం చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయనేది, ఎదురు బండి లైటు పడితే మొహం తిప్పుకునేది. ఆపరేషను చేయించాం. ఆ తరువాత సూదిలో దారం ఎక్కించి మాకు చూపించి మురిసిపోయింది. అదే చెప్పాను ఆయనకు.

"నీకూ పొరే వచ్చిండాది. చూపిచ్చుకో. చిన్న పని."

"నా కండ్లకేమైంది? జీపు లైట్లు డల్లయినాయి. పాత బండి గదా, యాడ కనపడతాది? కొండ మీద దుమ్ములో తోలినోణ్ణి నేను."

"దుమ్ములో తోలినందుకే ఇట్లయింది."

"సుమ్నే ఉండు."

సుమ్నే, అంటే నోరు మూసుకుని, ఉండడం నాకు చేతకాదని ఆయనకు తెలుసు. నాకు ట్రాక్టరు తోలడం వచ్చు. పెళ్ళికి ముందు మా మడి నేనే దమ్ము చేశాను. కారు లైసెన్సు కూడా ఉంది, బీరువాలో చీరల కింద. నేను తోలతానని అడిగినప్పుడల్లా ఆయన నేనేదో బూతు మాట అన్నట్టు చూసేవాడు. ఆడది స్టీరింగు పట్టుకుంటే పక్కన కూర్చున్న మొగవాడి పరువు కిటికీలోంచి జారిపోతుందని ఈ ఊళ్ళో పెద్ద నమ్మకం. కాలువలో పడితే మాత్రం పరువు తడవదు కాబోలు.

లైట్లు బిగించడానికి ఆయన తన గనుల స్నేహితుణ్ణి పిలిచాడు. ఆ మనిషి గనుల్లో కరెంటు పని చేశానంటాడు. ఏం పని చేశాడో తెలియదు గానీ మాట మాత్రం హై వోల్టేజి. నాకంటే చిన్నవాడు, వదినా అంటాడు. ఆ రోజు నాలుగు లైట్లు మంచం మీద పరిచి, వాటి మధ్యలో పిల్లిలా కూర్చున్నాడు.

"చూడు వదినా, ఇవి వేస్తే కాలువలో చేప గూడా కనపడతాది."

"కాలువలో దిగినాక చూడొచ్చులే" అన్నాను.

అతనికి నవ్వాలో వద్దో తెలియక మా ఆయన వైపు చూశాడు. అన్న ఏమంటే అదే అనే మనిషి. మా ఆయన కళ్ళ సంగతి ఇతనికీ తెలుసు. వారం కిందట మా ఆయన నడిరోడ్డు మీద ఇతన్నే పోల్చుకోలేక వేరే ఎవరినో పలకరించినట్టు పలకరించాడు. స్నేహితుడు కదా, అన్నా, కళ్ళు చూపించుకో అని ఒక్క మాట అనవచ్చు. అనడు. ఈ మొగవాళ్ళ స్నేహం ఎప్పుడూ ఇంతే. ఒకడు గోతి వైపు నడుస్తుంటే రెండోవాడు పక్కనే నడుస్తూ, భలే నడుస్తున్నావన్నా అంటాడు.

పని మొదలైంది. నా కూరగాయల చాకుతో వైర్ల తొక్క ఒలిచారు. నా పట్టకారతో నట్టు పట్టుకున్నారు. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఎత్తుపీట మీద బూట్లతో ఎక్కారు. ముందు బంపరు మీద రెండు లైట్లు, పైన రెండు లైట్లు పెట్టడానికి బెజ్జాలు వేస్తుంటే ఆ చప్పుడుకు ఎదురింటి ముసలాయన బయటికొచ్చి, ఇల్లు కూలగొడుతున్నారా అని అడిగాడు. మా ఆయనకు అది పొగడ్తలా వినిపించింది, నిలబెట్టి లైట్ల గురించి అంతా చెప్పి పంపించాడు.

నేను వసారాలో బియ్యం ఏరుతూ చూస్తున్నాను. బానెట్ నీడలో ఆయన ఒక వైరు పట్టుకుని దాన్ని ముక్కు దాకా తెచ్చుకున్నాడు.

"ఇది నలుపే గదా?" అని స్నేహితుణ్ణి అడిగాడు.

"ఎరుపు" అన్నాను నేను కూర్చున్న చోటి నుంచే.

ఆయన నా వైపు చూడలేదు. వైరు మార్చుకున్నాడు. కాసేపటికి నట్టు బిగించాలని బోల్టు కోసం వెతికాడు. బోల్టు కళ్ళ ముందే ఉంది. ఆయన వేళ్ళతో తడుముతూ, ముందు దాని పక్కనున్న బెజ్జంలో వేలు పెట్టి, తరువాత బోల్టు దొరకపుచ్చుకున్నాడు. పట్టపగలు. అప్పటిదాకా నోటి నిండా ఉన్న తిట్లు నాకు ఒక్కటీ గుర్తుకు రాలేదు. చేటలో బియ్యం అట్లాగే పట్టుకుని కూర్చున్నాను. తరువాత ఆయన నట్టు బిగించి లేచి, ఏదో కొండను పిండి చేసినవాడిలా చేతులు దులుపుకున్నాడు. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది.

ఆ రోజు అమావాస్య. మా వైపు అమావాస్యకు బండి ఉన్న ప్రతివాడూ దానికి పూజ చేస్తాడు. కడిగి, బొట్లు పెట్టి, నిమ్మకాయా మిరపకాయలూ దండ గుచ్చి ముందు కడతారు. పూజ చెయ్యకుండా లైటు వెలిగించకూడదని స్నేహితుడు పట్టుబట్టాడు. మా ఆయన వంటింట్లోకి వచ్చి పసుపు డబ్బా తీసుకుని, నేను పెరుగు తోడుపెట్టే గిన్నెలో పసుపు కలుపుకుని పోయాడు. ఇద్దరూ కలిసి లైట్లకు పసుపు, లైట్లు పట్టుకునే ఇనుప పట్టీలకు పసుపు, బోల్టులకు పసుపు, ప్రతి పసుపు మీదా ఒక కుంకుమ బొట్టు. బండికి పెళ్ళి చేస్తున్నారా అనిపించింది. నేను మందుల అంగడిలో తెచ్చిన చుక్కల మందు కళ్ళలో వేసుకోమంటే మర్చిపోయే మనిషి, కంటికి కనపడని నట్టుకు కూడా వెతికి వెతికి బొట్టు పెట్టాడు.

అన్నీ అయ్యాక, మిగిలిపోయిన ఒక వైరు కూడా బిగించి, హారతి ఇచ్చి స్విచ్చి నొక్కాడు. నాలుగు లైట్లూ మిణుకుమిణుకుమని, ఆరిపోయి, మళ్ళీ ఎర్రగా కాస్త వెలిగాయి. మా దేవుడి గూట్లో ప్రమిద అంతకన్నా బాగా వెలుగుతుంది.

అక్కడి నుంచి మొదలైంది వాళ్ళ పరిశోధన. ముందు అంగడివాడు మోసం చేశాడన్నారు. తరువాత బ్యాటరీ పాతదన్నారు. బ్యాటరీ కొత్తదని గుర్తొచ్చాక స్విచ్చి మీద పడ్డారు. ఫ్యూజు తీసి ఊది మళ్ళీ పెట్టారు. చివరికి స్నేహితుడు నడుం మీద చేతులు పెట్టుకుని, ఎదురింటి వైపు ఒక చూపు చూసి తేల్చాడు.

"దిష్టి తగిలిండాదన్నా."

బూడిద గుమ్మడికాయ తెచ్చి బండి ముందు పగలగొట్టారు. పగలగొట్టి ఇద్దరూ వంగి, ఇప్పుడైనా వెలుగు పెరిగిందా అని బల్బుల వైపు చూశారు. ఒకడు గనుల్లో కరెంటు పని చేసిన ఘనుడు, ఇంకొకడు కొండలెక్కిన డ్రైవరు. నేను నోట్లో కొంగు పెట్టుకున్నాను.

ఇక చూడలేక లేచాను. ట్రాక్టరు బ్యాటరీ వైరు వదులైతే మా నాన్న ముందు చూసేది ఎర్త్ వైరు. ఆ వైరు బండి ఇనుముకు నేరుగా తగలాలి. ఇనుముకూ వైరుకూ మధ్య రంగో తుప్పో ఉంటే కరెంటు సరిగ్గా నడవదు. బానెట్ లోపలికి తొంగి చూస్తే ఇంకేముంది, ఎర్త్ బోల్టు కింద పసుపు ముద్ద మందంగా పట్టి ఎండిపోయి ఉంది. దాని మీద కుంకుమ. దాని మీద వైరు పెట్టి, ఎంతో భక్తిగా బిగించేశారు.

"ఎవరప్పా దీనికి బొట్టు పెట్టింది?" అని స్నేహితుణ్ణి అడిగాను.

అతను అన్న వైపు చూశాడు. అన్న జీపు చక్రం వైపు చూశాడు.

బోల్టు ఊడదీయించి, గరిటె కాడతో పసుపు గీకాను. పసుపు కింద రంగు కూడా ఉంది, అదీ గీకాను. వైరు పెట్టి బిగించమన్నాను. స్విచ్చి నొక్కగానే ఆ పగటి వెలుతురులో కూడా సందంతా తెల్లబడింది. ఎదురింటి ముసలాయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆర్పండప్పా అని అరిచాడు.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ ముఖం చూసి నాకు జాలి కూడా వేసింది, కొత్త సైకిలు దొరికిన పిల్లాడి ముఖం.

"చూసినావా? నా కండ్లకేమీ కాలేదు. లైట్లదే తప్పు" అన్నాడు.

"లైటు చూసినావు, బ్యాటరీ చూసినావు, స్విచ్చి చూసినావు, ఎదురింటాయన్ని గూడా అనుమానించినావు. చూడాల్సిన చోటు మాత్రం చూడల్యా. నీ కండ్ల సంగతీ అంతే."

"పోదాం పా. కాలువ గట్టు మీద చూపిస్తా."

పోవద్దన్నాను. వినలేదు. స్నేహితుడు అప్పటికే వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు. ఆ బండిలో చూపున్న మనిషి, చూసింది నోటితో చెప్పే మనిషి ఒక్కరైనా ఉండాలని నేనూ ఎక్కాను. ఎక్కినప్పటి నుంచీ నా ఎడమ చెయ్యి తలుపు పిడి మీద, కుడి చెయ్యి హ్యాండ్‌బ్రేకు దగ్గర.

తారు రోడ్డు మీద వెలుతురు ఉండగానే వెళ్ళాం కాబట్టి బాగానే తోలాడు. గట్టు దారి ఎక్కేసరికి మసక చీకటి పడింది. నాలుగు లైట్లూ వేశాడు. నిజం చెప్పాలి, నాకు ప్రతి రాయీ కనిపించింది. ఎడమ పక్క కాలువ నీళ్ళ మీద తేలే చెత్త కూడా కనిపించింది. స్నేహితుడు వెనక నుంచి, అబ్బా ఏం లైట్లన్నా అంటున్నాడు. మా ఆయన మాత్రం స్టీరింగు మీదికి వంగి, గడ్డం దాదాపు దానికి ఆనించి తోలుతున్నాడు.

ముందు మడిలో కోత మిషను తిరుగుతోంది. దాని దుమ్మూ పొట్టూ గాలికి లేచి దారి మీద తెరలా నిలబడ్డాయి. మా లైట్లు దాని మీద పడ్డాయి. దుమ్మంతా తెల్లగా వెలిగింది.

"ఎవుడప్పా వాడు!" అని మా ఆయన అరిచాడు. "ఫుల్ లైట్లేసుకొని మీదికొస్తాండాడు! డిమ్ చెయ్యల్లని బుద్ధి లేదా?"

హారన్ కొట్టాడు. గట్టిగా, కోపంగా, ఆపకుండా కొట్టాడు.

"ఎవరు?" అన్నాను.

"ఎదురుగా! నీకు కనపడతాండల్యా? ఉండు, వానికి దారిస్తా."

దారి ఇవ్వడానికి స్టీరింగు ఎడమ వైపు తిప్పాడు. ఎడమ వైపు కాలువ. నేను హ్యాండ్‌బ్రేకు రెండు చేతులతో లాగాను. బండి ఒక్క ఊపు ఊగి, ముక్కు గట్టు అంచుకు రెండడుగుల ఇవతల ఆగిపోయింది. రాళ్ళు కొన్ని జారి నీళ్ళలో పడిన చప్పుడు వినిపించింది.

"ఎవరూ రావడంల్యా" అన్నాను. "అవి నీ లైట్లే."

ఆయన చెయ్యి ఇంకా హారన్ మీదే ఉంది. కాసేపటికి తీసేశాడు. గాలికి దుమ్ము పలచబడింది. ముందు ఖాళీ దారి. బండి లేదు, మనిషి లేడు. వెనక నుంచి స్నేహితుడు, అన్నా, అని ఏదో మొదలుపెట్టి మింగేశాడు. నేను హ్యాండ్‌బ్రేకు వదల్లేదు.

ఆయన ఇంజను ఆపి కిందికి దిగాడు. దిగి, బానెట్ మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయకుండా తడుముకుంటూ బండి ముందు నుంచి నా వైపు వచ్చాడు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. వాటి ముందు నడిచేటప్పుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు, మా అమ్మ తిప్పుకున్నట్టే. తలుపు తీసి నిలబడ్డాడు.

"జరుగు" అన్నాడు.

నేను అటు జరిగి స్టీరింగు పట్టుకున్నాను. జీవితంలో మొదటిసారి ఆ జీపు స్టీరింగు పట్టుకున్నాను. కొత్త లైట్లు ఆర్పేశాను. పాత లైట్లకు దారి బాగానే కనిపించింది. వెనక్కు తీసి, మలుపు దగ్గర బండి తిప్పుకుని ఇంటి దారి పట్టాను.

"ముందర ఏముండాది?" అని మా ఆయన మెల్లగా అడిగాడు.

చెప్పాను. ఎవరో సైకిలు నెట్టుకుంటూ పోతున్నాడని, గట్టు పక్క రెండు గొర్రెలున్నాయని, తూము వచ్చిందని చెప్పాను. పెళ్ళైనప్పటి నుంచి ఆ మనిషి నన్ను దారి అడగడం అదే మొదలు. మెత్తగా ఏదైనా అందామనుకుంటే నా నోటికి మళ్ళీ వెటకారమే దొరికింది.

"ఎడమ పక్క గడ్డివామి ఉండాది. హారన్ కొట్టల్లనా?"

ఆయన నవ్వలేదు. కళ్ళు మూసుకుని, వేళ్ళతో రెప్పల మీద ఒత్తుకుంటూ కూర్చున్నాడు. తారు రోడ్డు ఎక్కాక, నాకు మాత్రమే వినపడేటట్టు అడిగాడు.

"కంటాస్పత్రి పొద్దున ఎన్ని గంటలకు తెరుస్తారు?"